బోర్డు పోయిందనుకున్నా, పోయింది లైసెన్సు

మాది కావలి. ట్రంకు రోడ్డుకు కాస్త లోపలగా చిన్న డీటీపీ షాపు. ముందు గదిలో నేను శుభలేఖలు, కరపత్రాలు, ప్రైవేటు స్కూళ్ల పరీక్ష పేపర్లు కంపోజ్ చేస్తుంటాను. వెనక గదిలో మా ఆయన నాలుగు కిరాణా కొట్లకు, రెండు ఎరువుల షాపులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటారు. ఇద్దరికీ కలిపి చాలా ఏళ్లు ఒకటే కంప్యూటర్. పొద్దున ఆయనది, పదకొండు తర్వాత నాది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది గుర్తుందా? అయిదో తారీఖున బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రోజు రాత్రంతా మా వైపు గాలీ వానా ఒకటే. షాపులోకి నీళ్లు రాలేదు, అది మా అదృష్టం. కరెంటు మాత్రం పోవడం, రావడం, మిణుకుమిణుకుమనడం. కంప్యూటర్ ఆఫ్ చేశామే గానీ ప్లగ్గు పీకలేదు. రెండు రోజుల తర్వాత షట్టర్ ఎత్తి స్విచ్ వేస్తే ఫ్యాను కూడా తిరగలేదు. మూత దగ్గర ముక్కు పెడితే కాలిన వైరు వాసన.

రిపేరు తమ్ముడు వచ్చి విప్పి చూశాడు. "మదర్‌బోర్డు, అదే లోపల అన్నీ తగిలించే పెద్ద పలక, పోయుండాది అక్కా. ఇంత పాత బోర్డు ఇప్పుడు దొరకదు. కొత్త సిస్టం కట్టించుకోండి. హార్డ్ డిస్కు బాగానే ఉంది, మీ డేటా ఎక్కడికీ పోలా" అన్నాడు. ఆ చివరి మాట విని ప్రాణం లేచొచ్చింది. డేటా ఉంటే అన్నీ ఉన్నట్టే అనుకున్నాను. మర్నాడే కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ తెప్పించి, పాత డిస్కు అందులో పెట్టించాను. విండోస్ వచ్చింది. నా ఫోల్డర్లన్నీ ఉన్నాయి. తమ్ముడికి టీ తెప్పించాను కూడా.

టీ తాగేలోపే విండోస్ యాక్టివేట్ చేయమని మూలన అక్షరాలు వచ్చాయి. నా తెలుగు సాఫ్ట్‌వేర్ తెరిస్తే, ఈ కంప్యూటర్‌కు లైసెన్సు లేదని చిన్న పెట్టె. ఓకే నొక్కితే మూసుకుపోయింది. వెనక గదిలోంచి మా ఆయన, "ఏమే, టాలీ కూడా ఎడ్యుకేషనల్ మోడ్ అంటోంది!" అని కేక. టాలీ అంటే ఆయన లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. లైసెన్సు కనబడకపోతే నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన ఆ మోడ్‌లోకి పోతుంది.

ఒక్కొక్కటీ ఒక్కో రకంగా తేలింది.

టాలీ త్వరగానే అయింది. దాని లైసెన్సును ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మార్చుకోవడానికి దారి పెట్టారు. పాత చోట సరెండర్ చేసి, కొత్త చోట యాక్టివేట్ చేసుకోవాలి. రిజిస్టరైన మెయిల్‌కు అన్‌లాక్ కీ వస్తుంది. అయితే మాకు అమ్మిన కుర్రాడు అప్పట్లో మా మెయిల్ అడక్కుండా తన సొంత మెయిల్ ఇచ్చేసి పోయాడు. ఇప్పుడు బెంగళూరులో ఏదో ఉద్యోగం. అతని నంబరు పట్టుకోవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. పాపం మంచివాడే, ఆఫీసులోంచే మెయిల్ తెరిచి కీ చదివాడు. మీ సాఫ్ట్‌వేర్లు ఎవరి మెయిల్ మీద రిజిస్టరై ఉన్నాయో ఈ సాయంత్రమే చూసుకోండి. అమ్మినవాళ్ల మెయిల్ మీద ఉన్నవి మా బజార్లోనే ఇంకో నాలుగు బయటపడ్డాయి.

విండోస్ సంగతి నా అజ్ఞానం. మా పాత సిస్టం కొన్నప్పుడు విండోస్ 7 దానితోపాటే వచ్చింది. 2016లో ఉచితంగా ఇస్తున్నప్పుడు 10కి మార్చుకున్నాం. మెషీన్‌తో కలిపి అమ్మే లైసెన్సును ఓఈఎం అంటారు. అది ఆ మదర్‌బోర్డుతోనే పుడుతుంది, దాంతోనే పోతుంది. ఉచితంగా మారినా ఆ జాతకం మారదు. విడిగా కొనే రిటైల్ లైసెన్సునైతే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అక్క కొడుకు ఫోన్లో చెప్పి చూపించాడు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, కాస్త జాగా వదిలి, స్లాష్ డీఎల్‌ఐ అని కొడితే ఒక పెట్టె వస్తుంది. అందులో ఓఈఎం అనో రిటైల్ అనో రాసి ఉంటుంది. ఈసారి రిటైల్‌ది కొన్నాను. ఖర్చే గానీ గొడవ లేదు.

గొడవంతా తెలుగు సాఫ్ట్‌వేర్‌తోనే.

కంపెనీ పేరు ఎందుకులెండి. 2014లో కొన్నాను. బిల్లు ఉంది, వ్యాట్ కట్టిన ముద్ర కూడా ఉంది. చుట్టుపక్కల షాపులన్నీ దొంగ కాపీలు వాడుతున్న రోజుల్లో, "మనం కష్టపడి సంపాదించేదానికి దొంగ సొమ్ము ఎందుకు" అని మా ఆయన పట్టుబట్టి కొనిపించారు. ఇన్‌స్టాల్ చేసిన రోజు స్క్రీన్ మీద ఒక పొడవాటి కోడ్ వచ్చింది. ఫోన్లో చదివితే వాళ్లు తిరిగి ఇంకో కోడ్ చెప్పారు. గ్యాస్ కనెక్షన్ నంబరు లాంటిదేదో అనుకున్నాను. గ్యాస్ కనెక్షన్ నయం, ఊరు మారితే ట్రాన్స్‌ఫర్ చేసి ఇస్తారు. ఈ కోడ్ బోర్డు నంబరూ డిస్కు నంబరూ కలిపి కట్టిందట. అందులో ఏది మారినా అది వేరే కంప్యూటర్ కిందే లెక్క.

కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మేడమ్, మీది నోడ్ లాక్డ్ లైసెన్స్. మదర్‌బోర్డు మారితే కొత్త లైసెన్స్ తీసుకోవాలి."

"మార్చుకుంటే నేను పాతదాంట్లో వాడను కదమ్మా. అది కాలిపోయింది."

"అర్థమైంది మేడమ్. కొన్న ఏడాదిలోపు అయితే ఒకసారి మార్చి ఇస్తాం. మీది తొమ్మిదేళ్లయింది."

"సరే, కొత్తది కొంటే నా పాత ఫైళ్లు తెరుచుకుంటాయా?"

కాసేపు ఎవరినో అడిగి వచ్చింది. "తెరుచుకుంటాయి మేడమ్. కొన్ని ఫాంట్లు మారాయి కాబట్టి వత్తులు కొంచెం జరగొచ్చు."

డీటీపీ చేసేవాళ్లకు ఈ మాట ఎంత భయంకరమో చెప్పలేను. శుభలేఖ మీద పెళ్లికొడుకు పేరు వెంకటేశ్వర్లు. వకారం వత్తు పక్కకు జరిగి తేలితే ఆ కార్డు ఎవరు తీసుకుంటారు? పైగా కొత్త వెర్షన్ ఏడాదికింతని కట్టుకుంటూ పోవాలి. కట్టడం ఆపిన రోజు అదీ మూసుకుపోతుంది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. పాత తెలుగు డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి అక్షరానికీ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకే నంబరు ఉండే పద్ధతి వీటికి లేదు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు ఇలా ముక్కలు ముక్కలుగా చేసి, ఇంగ్లిష్ అక్షరాలుండే గదుల్లో ఒక్కో ముక్కను కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. నా సాఫ్ట్‌వేర్ ఫాంట్లు అది నడుస్తుంటేనే లోడవుతాయి. అది తెరుచుకోని కొత్త సిస్టంలో 2015 నాటి ఒక శుభలేఖ తెరిచాను. పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఉండాల్సిన చోట ఒక పౌండు గుర్తు, టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు రెండు, ఒక బ్రాకెట్టు, మళ్లీ పౌండు గుర్తు. కింద వధూవరుల పేర్ల చోటా అదే. గణపతి బొమ్మ ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది.

అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు. సాఫ్ట్‌వేర్ డబ్బులు ఎట్లా పోయినా, తొమ్మిదేళ్లు నేను కూర్చుని కొట్టిన మ్యాటర్ నా డిస్కులోనే ఉండి నాకు కనిపించడం లేదు. మా పనిలో పాత ఫైలంటే ఆస్తి. "మా పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డే వెయ్యమ్మా, పేర్లు మార్చు" అని వచ్చేవాళ్లే సగం మంది. వంశవృక్షంలా బంధువుల పేర్లన్నీ అందులో ఉంటాయి. ఒక పేరు తప్పినా అలుగుతారు.

మెయిల్ రాశాను. మా అక్క కొడుకు ఒక పాయింటు అందించాడు. 2013లో మైక్రోసాఫ్ట్ కూడా ఆఫీస్ 2013 రిటైల్ లైసెన్సును మొదటి కంప్యూటర్‌కే కట్టేసిందట. జనం గోల చేశాక ఆ మార్చిలోనే వెనక్కి తగ్గి, 90 రోజులకోసారి మార్చుకోవచ్చంది. అంత పెద్ద కంపెనీయే ఒప్పుకుంది, మీకేంటి అని అడిగాను. రెండో రోజు జవాబు వచ్చింది. ఒప్పందంలో ఫలానా క్లాజు ప్రకారం వీలుపడదు. క్లాజు నంబరు మాత్రం బోల్డులో పెట్టారు.

మా షాపులో వకాలత్ ఫారాలు వేయించుకునే ప్లీడరన్న ఒకాయన ఉన్నారు. బిల్లు చూపించాను. కళ్లజోడు పైకి ఎత్తి చదివి నవ్వారు. "ఏందమ్మా ఇది, వ్యాట్ కట్టించుకుండారే! సాఫ్ట్‌వేర్ డబ్బాలో పెట్టి అమ్మితే అది సరుకే అని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఆ కేసు మన రాష్ట్రానిదే, టీసీఎస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సేల్స్ టాక్స్ మీద నడిచింది. పన్ను కట్టేటప్పుడు సరుకు, నువ్వు కంప్యూటర్ మార్చుకునేటప్పుడు మాత్రం వాళ్లిచ్చిన పర్మిషన్."

"అయితే కేసు గెలుస్తామా అన్నా?"

"అట్లా చెప్పలేనమ్మా. అది పన్ను కేసు, నీది ఒప్పందం గొడవ. అయినా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. స్వయం ఉపాధికి కొన్నది వ్యాపారం కింద లెక్క రాదు కాబట్టి నువ్వు వినియోగదారువే. అయిదు లక్షల దాకా ఫీజు కూడా లేదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వెయ్యాలి." ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించమన్నారు.

1915కు చేశాను. ఫిర్యాదు తీసుకుని నంబరు ఇచ్చారు. కంపెనీ నుంచి మళ్లీ అదే క్లాజు. కేసు వేద్దామా అని మేమిద్దరం ఒక రాత్రంతా మాట్లాడుకున్నాం. ధనుర్మాసం దగ్గరికొచ్చింది, సంక్రాంతి కాగానే మాఘం ముహూర్తాల కార్డులు మొదలవుతాయి. నేను వాయిదాలకు నెల్లూరు తిరుగుతుంటే షాపులో కూర్చునేదెవరు? వేయలేదు. వేసుంటే బావుండేదని ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఒంగోలులో నా స్నేహితురాలు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. ఆమె డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్ ఉంటుంది. ఏ కంప్యూటర్‌కు గుచ్చితే దాంట్లో పనిచేస్తుంది. "నీకంటే నాది నయం" అంది. మరి అది పోతే? "పోతే మళ్లీ మొత్తం కొనాల్సిందే. అందుకే బీరువా తాళాల గుత్తికి కట్టా. మా అత్తగారు గుత్తి అడిగినప్పుడల్లా నాకు గుండె దడ" అంది.

పాత బోర్డును బాగుచేయించొచ్చు కదా అన్న మాట చివరికి మా ఆయన నోటి నుంచే వచ్చింది. రిపేరు తమ్ముడు చేయలేనన్నాడు గానీ, నెల్లూరులో చిప్ లెవెల్ సర్వీసు చేసేవాళ్లున్నారని చెప్పాడు. డబ్బాను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు లగేజీ టికెట్టు అడిగాడు. "తొమ్మిదేళ్ల పిల్ల సార్, అరటికెట్టు కొట్టండి" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ సర్వీసు అబ్బాయి బోర్డును దీపం కింద పెట్టి నన్నూ చూడమన్నాడు. ప్రాసెసర్ పక్కన చిన్న చిన్న పీపాల్లా కెపాసిటర్లు వరసగా ఉన్నాయి. బాగున్నవాటి నెత్తి బల్లపరుపుగా ఉంది. మూడింటి నెత్తి మాత్రం పొంగిన పూరీలా ఉబ్బి, ఒకదాన్నుంచి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. "ఇవి, పవర్ దగ్గర ఇంకో ముక్క మారిస్తే లేస్తుందమ్మా. కానీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేను" అన్నాడు. అయిదు రోజులు, 1,800 రూపాయలు.

తెచ్చి పాత డిస్కు మళ్లీ తగిలించి స్విచ్ వేశాం. విండోస్ యాక్టివేట్ గోల లేకుండా లేచింది. తెలుగు సాఫ్ట్‌వేర్ నొక్కాను. మళ్లీ పెట్టె! తెరుచుకోనంది. నాకు కాళ్లలో వణుకు. మా ఆయన మూలన గడియారం చూశారు. తేదీ ఎప్పటిదో 2009 అని ఉంది. రిపేరులో బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసినప్పుడు గడియారం వెనక్కిపోయింది. తేదీ వెనక్కి తిప్పి మోసం చేస్తున్నామని లైసెన్సు అనుకుంది. తేదీ సరిచేసి మళ్లీ నొక్కాను. తెరుచుకుంది. ఆ 2015 శుభలేఖ తెరిస్తే శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, ఏ వత్తు ఎక్కడుండాలో అక్కడ.

ఇక అప్పటి నుంచి నా పనల్లా బిడ్డల్ని వరద గ్రామం నుంచి దాటించినట్టు ఫైళ్లను దాటించడం. పాత సిస్టంకు నెట్ తీసేశాను. రోజూ రాత్రి షట్టర్ సగం దించి ఒక గంట కూర్చుంటాను. పాత ఫైలు తెరవడం, ముందు పీడీఎఫ్ తీసి దాచడం, తర్వాత మ్యాటర్‌ను కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేసుకోవడం. కన్వర్టర్ నూటికి నూరుపాళ్లు మార్చదు. క్షకారం దగ్గర, రెండేసి వత్తుల దగ్గర తడబడుతుంది. లక్ష్మమ్మలందరినీ చేత్తో సరిదిద్దాల్సిందే.

యూనికోడ్‌లో ఫాంట్లు ఎక్కువ లేవన్న బెంగ ఉండేది. వెతికితే రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి, పెద్దన, తిమ్మన, గిడుగు, గురజాడ అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటి లైసెన్సు కూడా చదివాను, ఇప్పుడు నాకు అదో రోగమైపోయింది. ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, కార్డులకు వాడుకోవచ్చు, వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్ముకోకూడదు. పేజీ కట్టడానికి స్క్రైబస్ పెట్టుకున్నాను. అదీ ఉచితమే. 2024 జనవరిలో దాని 1.6 వెర్షన్ వచ్చింది, తెలుగు అక్షరాలను సరిగ్గానే కలుపుతోంది. నిజం చెప్పాలంటే పాత ఫాంట్లలో ఉన్న కొన్ని పెళ్లి అక్షరాల ఒంపు వీటిలో నాకింకా దొరకలేదు. కీబోర్డు అంతకంటే కష్టం. నా వేళ్లు పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోని యాపిల్ అనే కీల వరసకు అలవాటు పడ్డాయి, యూనికోడ్‌లో కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే వరసకు మారడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో నేను కొట్టిన పరీక్ష పేపర్లు చూసి ఒక తెలుగు మాస్టారు, "ఏమ్మా, ఆరోగ్యం బాగాలేదా?" అని అడిగారు.

జనవరి చివర్లో జలదంకి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పెద్దమ్మాయి కార్డు మడత నలిగింది ఒకటి చేతిలో ఉంది. "రెండోదానికి ముహూర్తం కుదిరింది, అచ్చం ఇట్లాగే ఉండాల" అన్నారు. పాత సిస్టంలో వెతికితే దొరికింది. యూనికోడ్‌లోకి మార్చి, పెద్దన ఫాంటులో పేర్లు వేసి ప్రూఫ్ ఇచ్చాను. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "అక్షరం కొంచెం మారిందే" అన్నారు. గుండె ఆగినంత పనైంది. "బావుందిలే, మా తమ్ముడి పేరు దీంట్లో సరిగ్గా పడింది" అన్నారు. చూస్తే 2015లో నేనే తప్పు కొట్టాను.

ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ముందు ఒకటే అడుగుతాను, కంప్యూటర్ మారితే దీన్ని మార్చుకోవచ్చా, ఎన్నిసార్లు, ఎవరి మెయిల్ మీద? మాటతో సరిపెట్టుకోకుండా బిల్లు మీద రాయించుకుంటాను. నెల్లూరులో ఒక షాపు అబ్బాయి, "మీరే మొదటిసారి అడగడం మేడమ్" అన్నాడు. రాయడానికి మాత్రం పెన్ను ఇచ్చాడు, నన్నే రాసుకోమని.

మొన్న 2025 అక్టోబరులో మోంథా తుఫాను అన్నప్పుడు ఇంకా నాలుగొందల పైచిలుకు ఫైళ్లు మిగిలున్నాయి. వాన మొదలవగానే షాపుకు పరిగెత్తి, పాత డబ్బా ప్లగ్గు పీకి, దుప్పట్లో చుట్టి, మా ఆయన చేత బీరువా పైకి ఎక్కించాను. షట్టర్ దించి, తాళం వేసి, తడుస్తూ ఇంటికొచ్చాం. కొత్త సిస్టం ప్లగ్గు పీకలేదని అర్ధరాత్రి కరెంటు పోయాక గానీ గుర్తు రాలేదు.